గాజుగొట్టంలో ఇరవై నిమిషాలు

దగ్గరికి జరగండర్రా, మంట ఇప్పుడే అందుకుంటోంది. ఆ పచ్చి కొమ్మ తీసెయ్ చిన్నోడా, పొగంతా మీ మామ్మ మొహం మీదకే పోతోంది.

పొద్దున గట్టు మీద రక్తపింజరి కనబడిందన్న దగ్గర్నుంచీ ఒకటే అడుగుతున్నారుగా, అది కరిస్తే ఏమవుద్ది తాతా అని. చెప్తా వినండి. నా ఉద్యోగమంతా గవర్నమెంటాసుపత్రి ల్యాబులోనే గడిచింది. వరికోతలొచ్చాయంటే మాకు నిద్రుండేది కాదు. నులకమంచం మీద పడుకోబెట్టి మోసుకొచ్చేవాళ్లు. కాలు తొడ దాకా ఉబ్బిపోయి ఉండేది, మోకాలి పైన ఎవడో తాడు బిగించేవాడు, కాటు పడినచోట బ్లేడుతో కోసిన గాట్లు. ఆ గాట్లలోంచి కారే నెత్తురు ఎంతకీ ఆగదు. చిగుళ్లలోంచి కూడా చెమ్మ చెమ్మగా వస్తూ ఉంటుంది. తాడు బిగించొద్దు, కోయొద్దు, కాలు కదపకుండా తిన్నగా ఆసుపత్రికి తీసుకురండని ఎన్నిసార్లు మొత్తుకున్నా ఊళ్లలో వినేవాళ్లు తక్కువ.

డాక్టరుగారు ముందడిగే మాట ఒకటే: "నెత్తురు గడ్డ కడుతోందా లేదా?" దానికి మెషీన్లు లేవు అప్పుడు. ఉన్నా కరెంటు ఉండాలిగా! ఒక కొత్త గాజుగొట్టం, పొడిగా ఉన్నది తీసుకునేవాణ్ని. చేతి నరంలోంచి రెండు మిల్లీలీటర్ల నెత్తురు అందులో పోసి, స్టాండులో నిలబెట్టి, గడియారం చూసుకునేవాణ్ని. ఇరవై నిమిషాలు దాన్ని ముట్టుకోకూడదు. ఊపకూడదు, మధ్యలో వంచి చూడకూడదు. కిటికీ చువ్వలు పట్టుకుని పేషెంటు తమ్ముడో బావమరిదో నిలబడి ఉంటాడు, "ఏమైంది బాబూ" అని రెండు నిమిషాలకోసారి అడుగుతాడు. ఏం చెప్తాం, ఆగాలి. ఇరవై నిండాక ఒక్కసారే వంచాలి. నెత్తురు ముద్దకట్టి అడుగునే ఉండిపోతే ప్రస్తుతానికి ఫరవాలేదు. జారి అంచు దాకా వచ్చేసిందంటే విషం ఒంట్లోకి ఎక్కింది, పాము ఇంజెక్షను మొదలెట్టాల్సిందే. ఇంజెక్షను ఎక్కించాక ఆరు గంటలకి మళ్లీ నెత్తురు తీసి మళ్లీ ఇదే పరీక్ష. విషానికి ఖర్చయిపోయిన గడ్డకట్టించే సరుకు లివరు కొత్తగా తయారుచేసుకోవడానికి ఆ మాత్రం టైము పడుతుంది.

ఒక్కోసారి పాము కరుస్తుంది గానీ విషం వదలదు. అలాంటివాణ్ని ముందు మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్లి ఉంటే ఇంకేముంది, మంత్రం పారిందంటారు! ఆ పేరు మీద మరో పదిమంది అతని గుమ్మం తొక్కుతారు. ఆ పదిమందిలో నిజంగా విషం ఎక్కినవాడు ఉన్నాడో, మా దగ్గరికొచ్చేసరికి ఒంటేలు ఆగిపోయి కిడ్నీలు దెబ్బతిని ఉండేవి. నాకు పాము మీద కంటే ఆ ఆలస్యం మీదే కోపం ఎక్కువ.

ఈ పాము గురించి మొదట పట్టుబట్టి పరిశోధించిన దొర మన విశాఖపట్నంలోనే ఉండేవాడంటే నమ్ముతారా? పాట్రిక్ రసెల్. స్కాట్లండు డాక్టరు. అంతకుముందు సిరియాలో అలెప్పో పట్నంలో ప్లేగు రోగుల్ని చూసినవాడు. తమ్ముడికి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం విశాఖపట్నంలో, అందుకని 1780ల మొదట్లో ఇటొచ్చాడు. 1785లో కంపెనీవాళ్లు ఆయన్ని తమ ప్రకృతి శాస్త్రవేత్తగా పెట్టుకున్నారు. మనవాళ్ల చేత పాముల్ని పట్టించి, ఏ పాముని ఇక్కడ ఏమంటారో అడిగి తెలుసుకునేవాడు. 1796లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఈ పింజరి కింద ‘కటుకరేకుల పొడ’ అని మన తెలుగు పేరే ఇంగ్లీషక్షరాల్లో ఉంటుంది. కోళ్ల మీదా కుక్కల మీదా కాటు వేయించి, ఎంతసేపటికి ఏమవుతుందో రాసుకున్నాడు. ఆ రోజుల్లో పాముకాటుకి తంజావూరు మాత్ర అని పెద్ద పేరున్న మందొకటి ఉండేది. పాషాణం కలిపిన మాత్ర అది. దాన్నీ వదలకుండా పరీక్షకి పెట్టాడు. పేరున్న మందు కదాని ఊరుకోలేదు చూశావా అమ్మలూ, అది నచ్చుతుంది నాకు ఆయనలో. ఆ కోళ్లూ కుక్కల గతి తలుచుకుంటే మాత్రం మనసొప్పదు. ఆ పాముకి తర్వాత ఆయన పేరే పెట్టారు.

ఇంక అసలు వింత వినండి. కాటు తిన్నవాడి నెత్తురు గడ్డకట్టకుండా చేసే పాము కదా ఇది? దీని విషంతోనే గడ్డకట్టని నెత్తుర్ని గడ్డ కట్టించారు!

మా మేనత్త కొడుకు, నాకు బావ వరస, పుట్టుకతోనే ఆ జబ్బుతో పుట్టాడు. హీమోఫీలియా అని పెద్దయ్యాక తెలిసింది గానీ, మా చిన్నప్పుడు ‘నెత్తురు ఆగని పిల్లాడు’ అనే అనేవాళ్లు. పాలపన్ను ఊడితే రోజుల తరబడి కారేది, దిండుగుడ్డ తడిసిపోయేది. ఆడుకుంటూ పడితే పైకి దెబ్బే కనపడదు, రాత్రికి మోకీలు లోపల నెత్తురు నిండి పొంగిపోయేది. ఆ నొప్పికి ఇంట్లో ఎవరికీ నిద్రుండేది కాదు. మా మేనత్తని ఊరంతా ఆడిపోసుకున్నారు, ఏ నాగులపుట్ట తవ్వించిందోనని. తల్లి దగ్గర్నుంచే కొడుక్కి వస్తుందన్న మాట నిజమే, కానీ అది ఆవిడ చేసిన తప్పా? ఆవిడకే తెలియదు తన ఒంట్లో అదుందని.

సరే, సంగతిలోకి వస్తా. 1934లో లండనులో సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రిలో మాక్‌ఫర్లేన్ అనే కుర్ర డాక్టరు ఉండేవాడు. ఈ జబ్బున్నవాళ్లకి పన్ను పీకాలంటేనే ప్రాణాపాయం కదా, ఏం చేద్దామా అని వెతుకుతూ లండన్ జూలో పాముల్ని చూసుకునే బార్నెట్ గారిని కలిశాడు. ఇద్దరూ కలిసి రకరకాల పాముల విషాలు తీసి, ఒక్కొక్కటే పలచన చేసి నెత్తురులో కలిపి చూశారు. అన్నిట్లోకీ మన రక్తపింజరి గెలిచింది. పదివేల వంతుల్లో ఒక వంతుగా పలచన చేసినా హీమోఫీలియా నెత్తురు ఇట్టే గడ్డకట్టేసింది. దూదిని అందులో ముంచి పన్ను పీకినచోట అదిమిపెట్టేవాళ్లు. ‘స్టిప్‌వెన్’ అని పేరు పెట్టి బరోస్ వెల్‌కమ్ కంపెనీ అమ్మింది కూడా. ఒంట్లోకి ఎక్కించడానికి మాత్రం కాదు, పైపూతకే.

ఎందుకలా జరిగిందో వాళ్లకే అప్పుడు తెలియదు. తెలియడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది. నెత్తురు గడ్డకట్టడమనేది ఒక్క పని కాదు, ఒకదాన్ని ఒకటి తట్టి లేపే వరస. వాటికి ఫ్యాక్టర్లని పేరు, రోమన్ అంకెల్లో నంబర్లు. మా బావలాంటివాళ్లకి ఎనిమిదో నంబరు ఉండదు. కొందరికి తొమ్మిది ఉండదు. ఎనిమిదీ తొమ్మిదీ కలిస్తేగానీ పదోది సరిగా లేవదు. రక్తపింజరి విషం ఉందే, వాటితో పని లేకుండా తిన్నగా వెళ్లి పదోదాన్ని లేపుతుంది. అందుకని ఎనిమిది లేనివాడి నెత్తురు కూడా గొట్టంలో గడ్డకడుతుంది. మరి పొలంలో కాటు తిన్నవాడి నెత్తురు ఎందుకు కట్టదంటావా? మంచి ప్రశ్నే. ఒంట్లో ఉన్న సరుకునంతా అక్కడక్కడా ఒక్కసారే లేపి వాడించేస్తుంది. గడ్డకట్టించే ఫైబ్రినోజన్ అంతా అయిపోతుంది. మనం సూది గుచ్చి తీసేసరికి అందులో గడ్డకట్టడానికి ఏమీ మిగలదు.

ఆ వరస మొత్తాన్ని 1964లో మాక్‌ఫర్లేనే గీసి చూపించాడు, అప్పటికి ఆయన ఆక్స్‌ఫర్డులో పెద్ద డాక్టరు. అదే ఏడు అమెరికాలో డేవీ, రాట్‌నాఫ్ అని ఇద్దరు విడిగా ఇదే బొమ్మ గీశారు. మెట్టు మెట్టుగా దూకే జలపాతమని పేరు పెట్టారు.

ఈ నంబర్ల వెనక మనుషులున్నారు, అది మర్చిపోకూడదు. తొమ్మిదో నంబరు ఒకటుందని బయటపడింది స్టీఫెన్ క్రిస్మస్ అనే అయిదేళ్ల పిల్లాడి నెత్తురు వల్ల. కెనడాలో పెరుగుతున్న పిల్లాడు, లండను వచ్చినప్పుడు వాడి నెత్తురు ఆక్స్‌ఫర్డుకి పంపారు. రోజ్‌మేరీ బిగ్స్ అనే ఆవిడా, మాక్‌ఫర్లేన్ బృందమూ చూస్తే, వాడి నెత్తురూ మామూలు హీమోఫీలియా రోగి నెత్తురూ కలిపితే గడ్డకట్టింది! విడివిడిగా కట్టనివి కలిస్తే కట్టాయంటే, ఇద్దరికీ లేనిది ఒక్కటి కాదన్నమాట. అర్జెంటీనాలో పావ్‌లోవ్‌స్కీ గారు అంతకుముందే ఇలాంటిది చూసి 1947లో రాసి ఉన్నారు. ఈ పిల్లాడి సంగతి 1952 డిసెంబరులో, సరిగ్గా క్రిస్మస్ వారంలో పత్రికలో వచ్చింది. జబ్బుకి వాడి ఇంటిపేరే పెట్టారు.

ఇంకొకాయన జాన్ హేగ్‌మన్, అమెరికాలో రైల్వే బ్రేక్‌మన్. ఆపరేషనుకి ముందు మామూలుగా పరీక్ష చేస్తే నెత్తురు గొట్టంలో ఎంతకీ గడ్డకట్టలేదు. హడలిపోయారు డాక్టర్లు. విచిత్రమేమిటంటే ఆయనకి జీవితంలో ఎప్పుడూ నెత్తురు ఆగకపోవడమన్నది లేదు! రాట్‌నాఫ్ 1955లో రాశాడు దీన్ని. పన్నెండో నంబరు అలా దొరికింది. గాజు తగిలితే మొదట లేచేది అదే. ఒంట్లో నెత్తురు ఆపడానికి దాని అవసరం పెద్దగా లేదు, గొట్టంలో మాత్రం అది లేకపోతే పని జరగదు. ఆ హేగ్‌మన్ చివరికి ఎలా పోయాడో తెలుసా? తుంటి ఎముక విరిగి మంచాన పడ్డాక నెత్తురు గడ్డ ఊపిరితిత్తులకి అడ్డంపడి పోయాడు, 1968లో.

గాజు గురించి ఎందుకింత చెప్తున్నానంటే, నేను చూసిన ఒక ఆసుపత్రిలో కొత్తగా చేరిన అటెండరు గొట్టాలన్నీ సబ్బునీళ్లతో తళతళలాడేలా తోమి ఆరబెట్టాడు. శుభ్రంగా ఉంచాడని మెచ్చుకున్నారు కూడా. ఆ రాత్రి కాలు కొంచెం కూడా వాయని మనిషి నెత్తురు ఇరవై నిమిషాలకీ జారిపోయింది. విషం ఎక్కిందనుకుని పాము ఇంజెక్షను పెట్టేశారు. గుర్రం నెత్తురులోంచి తీసే మందది, కొందరికి పడదు. ఆ మనిషికి ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక తెల్లారేదాకా నరకం చూశాడు. పాపం అతనికసలు కాటే సరిగా పడలేదు. సబ్బు మరక ఉన్న గాజు పన్నెండోదాన్ని లేపదు, ప్లాస్టిక్ గొట్టమూ అంతే. అందుకే కొత్త గాజు, పొడి గాజు అని నేను ల్యాబు పిల్లల బుర్ర తినేసేవాణ్ని. అనుమానముంటే పక్కన నిలబడ్డ ఆరోగ్యవంతుడి నెత్తురు ఇంకో గొట్టంలో పోసి చూడమనేవాణ్ని.

మా బావ సంగతికొస్తే, ఆయన అదృష్టం కొంత, దురదృష్టం కొంత. చిన్నప్పుడు చుట్టాల నెత్తురు ఎక్కించేవాళ్లు, లీటర్లు ఎక్కించినా అందులో ఎనిమిదో నంబరు ఉండేది కొంచెమే. జూడిత్ పూల్ అని స్టాన్‌ఫర్డులో ఒకావిడ, ఫ్రీజరులో మంచుగడ్డగా చేసిన ప్లాస్మాని చల్లగా ఉంచే కరిగిస్తే అడుగున తెల్లటి మడ్డి మిగులుతుందనీ, కావలసిన ఎనిమిది అందులోనే ఉందనీ 1964లో కనిపెట్టింది. క్రయో అంటారు దాన్ని. బ్లడ్‌బ్యాంకు ఫ్రీజరుంటే ఎక్కడైనా చేసుకోవచ్చు. మన దేశంలో ఎందరో పిల్లలు దాని మీదే బతికారు, బావ కూడా. అయితే అప్పటికే ఒక మోకాలు వంగిపోయింది. రైసుమిల్లులో లెక్కలు రాసేవాడు, ఆ కాలు పక్కన స్టూలు మీద చాపుకుని.

పెద్ద దేశాలవాళ్లు వేలమంది ప్లాస్మా ఒకచోట కలిపి పొడి మందు చేశారు. ఇంట్లోనే ఎక్కించుకోవచ్చని సంబరపడ్డారు. ఆ వేలమందిలో ఒక్కడికి వైరసు ఉన్నా ఆ మందు వాడిన ఎందరికో వచ్చేది. 1980ల్లో ఎయిడ్సూ, కామెర్ల వైరసూ ఎందర్ని తీసుకుపోయాయో! బ్రిటన్‌లో ఒక స్కూల్లో ఈ జబ్బున్న పిల్లల మీద, వాళ్లకీ తల్లిదండ్రులకీ సరిగా చెప్పకుండానే పరిశోధన సాగిందని 2024 మేలో విచారణ నివేదిక వచ్చింది. ఆ క్రిస్మస్ పిల్లాడు కూడా పెరిగి పెద్దై, టాక్సీ నడిపి, ఫొటోలు తీసి, నెత్తురు ఎక్కించుకున్న పాపానికి 1993లో ఎయిడ్సుతోనే పోయాడు. పరిశోధన గొప్పదే, కాదనను. సంతకం పెట్టేముందు మనిషికి అర్థమయ్యేలా చెప్పనివాడు ఎంత పెద్ద డాక్టరైనా నాకు గౌరవం లేదు.

అమ్మలూ, నువ్వు ఎమ్మెల్టీ చదువుతున్నావు గనక నీకు ఇది పనికొస్తుంది. బావతో నేను వెల్లూరు సీఎంసీ ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆ వరండాలో తమిళం ఎంత వినబడేదో తెలుగూ అంతే వినబడేది, చిత్తూరు పక్కనేగా. తక్కువ మోతాదు మందుతో ఆపరేషన్లు చేయొచ్చని చేసి చూపినవాళ్లలో ఆ సీఎంసీ డాక్టర్లున్నారు. డబ్బున్న దేశాలవాళ్లకి ఆ ఆలోచన రావాల్సిన అవసరం ఏముంది? వాళ్లే చేసిన ఇంకోటి 2024 డిసెంబరులో పత్రికలో వచ్చింది. రోగి మూలకణాలే బయటికి తీసి, అందులో ఎనిమిదో నంబరు జన్యువు పెట్టి, మళ్లీ ఒంట్లోకి ఎక్కించారు. అయిదుగురికి చేశారు. కీమో మందులిచ్చి చేసే పని, తేలికేం కాదు. ఆ తర్వాత వాళ్లు చూసినన్నాళ్లూ అయిదుగురిలో ఒక్కరికీ నెత్తురు కారలేదట. అయిదుగురంటే చాలా కొద్దిమందే, ఇంకా ఏళ్ల తరబడి చూడాలి. మా బావ ఉంటే మాత్రం జాబితాలో తన పేరు ఎక్కడుందని అడిగేవాడు, ఖర్చెంతని రెండో ప్రశ్న వేసేవాడు.