లాలూచీ కుస్తీ, కువైట్ కప్పు

1997 ఏప్రిల్‌లో కువైట్ టీవీ వాళ్ల ‘గుడ్ మార్నింగ్ కువైట్’ కార్యక్రమానికి ఇద్దరు డబ్ల్యుడబ్ల్యుఎఫ్ వస్తాదులు వచ్చారు. ఒకడు అండర్‌టేకర్. అంతకుముందు నెలలోనే ఛాంపియన్ అయ్యాడు. రెండోవాడు కొండంత మనిషి, వేడర్. కార్యక్రమం నడిపే ఆయన మాటల మధ్యలో, మనందరం ఎప్పుడో ఒకప్పుడు అడిగిన ప్రశ్నే అడిగాడు: ఈ కుస్తీలు నిజమేనా, ముందే అనుకుని చేసేవా?

వేడర్ ముందున్న బల్లను తిరగేశాడు. ఆయన టై పట్టుకుని గుంజి, ఇది ఉత్తుత్తిదిలా ఉందా అన్నట్టు బూతులతో సహా అడిగాడు. పక్కన అండర్‌టేకర్ ఉలకలేదు, పలకలేదు. కేసయింది. వేడర్‌ను కొన్నాళ్లు దేశం దాటనివ్వలేదు. చివరికి చిన్న జరిమానా కట్టించుకుని పంపారు.

ఆ రోజుల్లో నేను షువైఖ్ సనాయాలో ఒక స్పేర్ పార్టుల గోడౌన్లో లెక్కలు రాసేవాణ్ణి. షువైఖ్ అంటే తెలియనివాళ్ల కోసం: ఒకవైపు రేవు, ఒకవైపు యూనివర్సిటీ, మధ్యలో మా సనాయా. గ్యారేజీలు, లేత్ షాపులు, టైర్ల కొట్లు. కడప జిల్లావాళ్లం కావలసినంతమందిమి. మర్నాడు టీ దగ్గర ఇదే చర్చ. కుర్రాళ్లు రెండు జట్లయిపోయారు. అడిగితే తప్పేముంది అని కొందరు, అడగొచ్చా అట్లా అని కొందరు. లేత్ మీద పనిచేసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు, లక్కిరెడ్డిపల్లె వైపు మనిషి. అందరం మామా అనే పిలిచేవాళ్లం. గ్లాసు కింద పెట్టి ఆయన అన్నాడు:

“సురభోళ్ల నాటకంలో కీచకుడు పడిపోయినాక ఎవుడన్నా లేసి, వాడు నిజంగా సచ్చినాడా అని అడిగినాడా అబ్బీ?”

సురభి మా జిల్లా ఊరే. 1885లో వాళ్లు కట్టిన మొదటి నాటకం కీచకవధే. అంటే మావాళ్లు నూరేళ్లకు పైగా భీముడి చేతిలో కీచకుడు చావడం చూస్తున్నారు, మర్నాడు అదే కీచకుడు బీడీ కాల్చుకుంటూ తిరగడమూ చూస్తున్నారు. ఆ రెండింటికీ పేచీ ఉందని ఎవరికీ తోచలేదు.

నిజానికి ఆ ప్రశ్నకు జవాబు అప్పటికి ఎనిమిదేళ్ల కిందటే వచ్చేసింది. 1989లో న్యూజెర్సీ శాసనసభ ముందు డబ్ల్యుడబ్ల్యుఎఫ్ వాళ్లే, మాది వినోదం, పోటీ కాదు, కాబట్టి క్రీడల కమిషన్ నిబంధనలు మాకొద్దు అని చెప్పేసుకున్నారు. మన భాషలో చెప్పాలంటే, అవును, లాలూచీ కుస్తీయే అని వాంగ్మూలం. ఇక వేడర్ కోపం సంగతి. 1990 ఫిబ్రవరిలో టోక్యో డోమ్‌లో స్టాన్ హాన్సెన్‌తో తలపడ్డప్పుడు వేడర్ కంటిగుడ్డు బయటికొచ్చేసింది. ముసుగు తీసి, వేలితో లోపలికి నెట్టుకుని కుస్తీ కొనసాగించాడు. ఎవరు గెలవాలో ముందే అనుకున్న కుస్తీలోనే కన్ను ఊడింది. అలాంటివాణ్ణి టీవీలో కూర్చోబెట్టి అడగవలసిన ప్రశ్న అది కాదని నా అభిప్రాయం. టై పట్టుకోవడం మాత్రం తప్పే.

నాకు ఆసక్తి కలిగించేది ఇంకొకటి. గెలుపు ముందే నిర్ణయమైనప్పుడు, ఎవర్ని గెలిపించాలో ఎలా నిర్ణయిస్తారు?

పాతకాలం ప్రమోటర్లకు దీనికి తడుముకోని సమాధానం ఉండేది: టికెట్టు కొన్నవాడి మనిషిని. టీవీ దేశమంతా ఒకటే అయ్యేదాకా అమెరికాలో కుస్తీ మండలాలుగా ఉండేది. 1948లో నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ పేరుతో ప్రమోటర్లు జట్టుకట్టి, ఎవరి ప్రాంతం వారిది అని పంచుకున్నారు. మినియాపొలిస్‌లో ఒకరు, టొరాంటోలో ఒకరు, మెంఫిస్‌లో ఒకరు. ఇటాలియన్లు ఎక్కువున్న ఊళ్లో ఇటాలియన్ హీరో, మెక్సికన్లున్న చోట మెక్సికన్. విలన్ మాత్రం ఎప్పుడూ పైనుంచి వస్తాడు, ఓడిపోయి తర్వాతి ఊరికి పోతాడు.

మన దేశంలోనూ అంతే. దారాసింగ్ 1947లో సింగపూర్ వెళ్లి ఈ విద్య నేర్చుకొచ్చాడు. నాలుగు వందల పౌండ్లకు తగ్గని కింగ్‌కాంగ్‌ను ఎత్తి పడేస్తుంటే జనం ఊగిపోయారు. కింగ్‌కాంగ్ అసలు పేరు ఎమిల్ చాయా, హంగరీ మనిషి. మా తాత రాజంపేటలో మెయిలెక్కి మద్రాసు పోయి వాళ్ల కుస్తీ చూసొచ్చాడు. చచ్చిపోయేదాకా ఇంట్లో ఎవరు అన్నం ఎక్కువ తిన్నా “కింగ్‌కాంగ్ వచ్చినాడు” అనేవాడు. స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లయిన దేశంలో తెల్లవాణ్ణి ఒక పంజాబీ రైతుబిడ్డ భుజాల మీదికెత్తి తిప్పుతుంటే, అది నిజమా అని అడిగే ఓపిక ఎవరికుంటుంది!

1959లో కలకత్తాలో దారాసింగ్ కామన్వెల్త్ ఛాంపియన్ అయింది జార్జ్ గోర్డియెంకోను ఓడించి. ఈ గోర్డియెంకో పేరు కొంచెం గుర్తుపెట్టుకోండి. కెనడాలో విన్నిపెగ్ మనిషి. కుర్రవాడిగా కమ్యూనిస్టులతో తిరిగినందుకు అమెరికా తలుపులు మూసుకున్నాయి. డబ్బున్న మండలాలన్నీ అమెరికాలోనే. దాంతో ఇంగ్లండు, ఇండియా అని దేశాలు పట్టుకు తిరిగాడు. నిజంగా పట్టు తెలిసిన మల్లుడని తోటివాళ్లే ఒప్పుకుంటారు. తర్వాత కుస్తీ మానేసి బొమ్మలు వేసుకున్నాడు. ఇతని మీద పుస్తకం రాయవలసినవాడు ఎవడైనా తెలుగులో ఉంటే బాగుండును.

దారాసింగ్ చేతిలో ఓడిన పదేళ్లకు గోర్డియెంకో బాగ్దాద్‌లో ఓడిపోయాడు. అక్కడి దారాసింగ్ పేరు అద్నాన్ అల్ ఖైసీ. బాగ్దాద్‌లో పుట్టి, చదువుకని అమెరికా పోయి కుస్తీలో దిగాడు. అమెరికాలో అరబ్బుగా కాదు, ‘బిల్లీ వైట్ వుల్ఫ్’ అనే పేరుతో, తలకు ఈకలు పెట్టుకుని రెడ్ ఇండియన్‌గా! విరాటుడి కొలువులో భీముడు వలలుడైనట్టు. 1970 ప్రాంతంలో సొంత ఊరికి తిరిగొచ్చి సొంత పేరుతో రింగులోకి దిగితే బాగ్దాద్ స్టేడియం పట్టలేదు. విదేశీ మల్లులు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు, పడ్డారు. సద్దాం హుస్సేన్, తానూ చిన్నప్పుడు ఒకే బడి అని, కుస్తీలకు ప్రభుత్వం అండ అలా దొరికిందని అద్నాన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ అండే రేపు మెడకు చుట్టుకుంటుందని భయపడి దేశం వదిలాడు. మళ్లీ అమెరికా, మళ్లీ ఈకలు.

ఆ తర్వాత కొద్దికాలానికే ఈ మండలాల కథ ముగిసింది. కేబుల్ టీవీ వచ్చింది, విన్స్ మెక్‌మాన్ ఒక్కొక్క ప్రాంతాన్నీ కలుపుకుంటూ పోయాడు. అంతమంది ప్రేక్షకులకు ఒక్కటే రింగు. మరి ఇప్పుడు ‘మనోడు’ ఎవడు, ‘పరాయివాడు’ ఎవడు?

జవాబు 1990 ఆగస్టు 2న దొరికింది. ఆ తెల్లవారుజామున సద్దాం సైన్యం కువైట్‌లోకి దిగింది.

మామ అప్పుడు షువైఖ్‌లోనే ఉన్నాడు. రెండు వారాలు గది దాటలేదట. తర్వాత యజమాని ఇచ్చిన కొన్ని దీనార్లు చొక్కా లోపల కుట్టుకుని బస్సెక్కాడు. బస్రా, బాగ్దాద్, అక్కణ్ణుంచి జోర్డాన్ సరిహద్దు, ఎడారిలో గుడారాలు, చివరికి అమ్మాన్‌లో విమానం. ఎయిరిండియా 59 రోజుల్లో 488 సార్లు విమానాలు నడిపి లక్షా పదివేల మందికి పైగా మనవాళ్లను తీసుకొచ్చింది. అందులో మామ ఒకడు. పదకొండేళ్ల సంపాదనలో చేతికొచ్చింది ఒక రేడియో. చొక్కాలోని దీనార్లు దారిలోనే చెల్లని కాగితాలయ్యాయి.

అదే సమయంలో అమెరికాలో రింగులో ఏం జరుగుతోందంటే: సార్జెంట్ స్లాటర్ అని, అప్పటిదాకా అమెరికా సైనికుడి వేషం, పిల్లలకు బొమ్మగా కూడా అమ్ముడుపోయినవాడు, ఇరాక్ పక్షానికి మారాడు. సద్దాం బహూకరించాడంటూ మొన తిరిగిన బూట్లు వేశాడు. వెంట మేనేజరుగా ‘జనరల్ అద్నాన్’. అవును, ఆ అద్నానే. సద్దాంకు భయపడి పారిపోయినవాడు సద్దాం మీసం పెట్టుకుని సద్దాం జనరల్ అయ్యాడు. బాగ్దాద్ స్టేడియంలో జేజేలు కొట్టించుకున్న పేరుతోనే ఇప్పుడు ఉమ్ములు వేయించుకున్నాడు. 1991 జనవరి 17న బాంబులు మొదలయ్యాయి. రెండు రోజులకు, 19న, స్లాటర్‌ను ఛాంపియన్ చేశారు. మార్చి 24న లాస్ ఏంజెలిస్‌లో హల్క్ హోగన్ చేతిలో ఓడించారు. లక్షమంది పట్టే స్టేడియంలో అనుకున్నది పదహారు వేలమందితో పక్కనున్న ఇండోర్ హాల్లో జరిగింది. భద్రత కోసం అని కంపెనీ, టికెట్లు పోలేదు అని గిట్టనివాళ్లు. కువైట్ అప్పటికే విముక్తమై నెల కావస్తోంది. చమురు బావులు మాత్రం ఇంకా తగలబడుతున్నాయి.

మామ 1992లో మళ్లీ కొత్త అకామాతో షువైఖ్ వచ్చాడు. నేను చేరేనాటికి సనాయాలో గదుల్లో వీడియో క్యాసెట్లు తిరిగేవి. వాటిలో ఒకటి 1991 ఆగస్టు సమ్మర్‌స్లామ్. స్లాటర్, జనరల్ అద్నాన్, ‘కల్నల్ ముస్తఫా’ ఒకవైపు. హోగన్, అల్టిమేట్ వారియర్ రెండోవైపు. మా సందులో రొట్టెలు కాల్చే ఇరానీ ఆయన ఆ పూట మా గదికి వచ్చాడు. ముస్తఫాను చూడగానే ఎగిరి కూర్చుని, “వీడు మావాడు!” అన్నాడు. నిజమే. ముస్తఫా ఎవరో కాదు, పాత ఐరన్ షేక్, హుస్సేన్ వజీరీ, అచ్చమైన ఇరానీ. ఎనిమిదేళ్లు ఇరాక్‌తో యుద్ధం చేసిన దేశంవాడి చేత ఇరాక్ సైనికుడి టోపీ పెట్టించారు. రొట్టెలాయన తమ్ముడు ఆ యుద్ధంలోనే పోయాడు. ఆయన కాసేపు నవ్వాడు, తర్వాత లేచి వెళ్లిపోయాడు. మామ తెరకేసి చూసి ఒకటే అన్నాడు: “మనం కుయ్యోమొర్రో అని పారిపోతాంటే ఈళ్లు టికెట్లు అమ్ముకున్యారన్నమాట.”

1996లో డబ్ల్యుడబ్ల్యుఎఫ్ కువైట్ వచ్చింది. ‘కువైట్ కప్పు’ అని పెట్టారు. గెలిచిందెవరు? అహ్మద్ జాన్సన్. నల్లజాతి మనిషి, అసలు పేరు టోనీ నోరిస్. మరుసటి ఏడు, వేడర్ గొడవ జరిగిన పర్యటనలోనే, ఇంకో కప్పు. ఈసారి టైగర్ అలీ సింగ్. ఇతని తండ్రి టైగర్ జీత్ సింగ్ పంజాబ్ నుంచి టొరాంటో మండలానికి పోయి, జపాన్‌లో కత్తి పట్టుకు తిరిగే విలన్‌గా పేరు తెచ్చుకున్నవాడు. కొడుకు పేరులో అలీ ఉంది, సింగ్ ఉంది. కువైట్లో గ్యాలరీ ఎవరితో నిండుతుందో టికెట్లమ్మేవాడికి తెలుసు: సగం ఆ అలీవాళ్లు, సగం ఈ సింగ్‌వాళ్లు. పాత మండలాల లెక్క పోలేదు. ఊరూరికీ ఒక కప్పుగా మారింది, అంతే.

మామ చూడ్డానికి పోలేదు. ఆ దినాల్లో ఆయన ధ్యాసంతా ఐక్యరాజ్యసమితి నష్టపరిహారం మీద ఉండేది. 1990లో కువైట్ వదిలి పారిపోయినవాళ్లకు తలా ఇంతని కట్టారు. ఒంటరివాడికి 2,500 డాలర్లు, ఇంకే నష్టమూ అడగనంటే 4,000. మామ పెట్టెల్లో పోయిన సామాను జాబితా అంతా నా చేత తెల్లకాగితం మీద రాయించి, చివరికి చించేసి 4,000 రకానికే వేలిముద్ర వేశానని చెప్పాడు. చెక్కు వచ్చిన రోజు సనాయాలో అందరికీ బిరియానీ.

2023 సెప్టెంబరు 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యుడబ్ల్యుఇ ఆడింది. అద్నాన్ చనిపోయింది కూడా ఆ నెలలోనే, ఎనభై నాలుగేళ్ల వయసులో. మన పత్రికల్లో ఆయన గురించి ఒక్క ముక్క నా కంటబడలేదు. గచ్చిబౌలిలో మన శాంకీ గుంథర్ చేతిలో ఓడిపోయాడు. వీర్, సాంగాల ‘ఇండస్ షేర్’ జట్టు కెవిన్ ఓవెన్స్, సామీ జేన్‌ల చేతిలో ఓడిపోయింది. జనం అన్నిటికంటే ఎక్కువ ఊగిపోయింది జాన్ సీనాకు. మామ మనవడు ఇంజనీరింగు స్నేహితులతో పోయి చూశాడట, సీనా టీషర్టు కూడా కొన్నాడట.

ఈ సంగతి మామే ఫోన్లో చెప్పాడు. ఇప్పుడు లక్కిరెడ్డిపల్లెలోనే ఉంటాడు, చెవులు సరిగ్గా వినపడవు. నేను గట్టిగా వివరంగా చెప్పాను, మనవాళ్లు ఎవరూ గెలవలేదని.

“ఒక్కడూ గెల్చలేదా?” అన్నాడు. కాసేపాగి, “మరి టికెట్లు ఎవురు కొన్యారబ్బీ?” అని అడిగాడు.