నాలుగు ధ్వనిమార్గములు, 151 జంతువులు

రైలుతో పెరిగిన ఖరగ్‌పూర్ పట్టణమున చెవికి పని ఎక్కువ. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువునకు వచ్చి ఇచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు. ఇంజను వేయు పొడుగు కూతకొక అర్థము, పొట్టి కూతకొక అర్థము కలవని రైల్వేవారి యిండ్లలో పిల్లలకును తెలియును. ఒకే గొంతును సాగదీసి, కుదించి, పెక్కు సంగతులు పలికించు ఉపాయమిది. జపాను దేశమున పుట్టిన ఒక ఆటకు ప్రాణము పోసినదియు నిట్టి ఉపాయమే.

ఆ ఆట పేరు పోకేమాన్. వింతజంతువులను వెదకి, పట్టి, పెంచి, సేకరించుట అందలి వినోదము. బాల్యమున పురుగులను పట్టి దాచుకొనిన సతోషి తజిరి దీనిని కల్పించెను. సంగీతమును జునిచి మసుడ కూర్చెను. 1996 ఫిబ్రవరి 27న అది రెడ్, గ్రీన్ అను రెండు రూపములలో వెలువడినది. దాని నాడుటకు సాధనము, నింటెండో సంస్థ 1989లో విడుదల చేసిన గేమ్‌బాయ్ అను చేతియంత్రము.

ఆ యంత్రమునకు ధ్వనిమార్గములు నాలుగే. రెండింట చతురస్ర తరంగములు, మూడవదానిలో కూర్పరి కోరిన ఆకృతి గల తరంగము, నాల్గవదానిలో వట్టి హోరు. అనగా పాట పలుకగల గొంతులు మూడే. పాశ్చాత్యుల స్వరమేళనమునకు పెక్కు స్వరములు ఒక్కసారి మ్రోగవలెను. మన సంగీతమున శ్రుతిపై స్వరములు ఒకదాని వెంట నొకటి నడచును. ఈ చిన్నయంత్రమునకు రెండు దారులును అవసరమైనవి. మేళనమునకు కావలసిన స్వరములను వరుసగా, త్వరత్వరగా పలికించినచో, వినువాని చెవియే వానిని కూర్చుకొనును. సమాధులుండు లావెండర్ టౌను ఘట్టమున స్వరములు పొసగకపోవుటయే భయహేతువు.

ఇక జంతువులు 151. ఒక్కొక్కదానికి వేరు ధ్వనిని దాచుటకు యంత్రమున చోటు చాలదు. కావున 38 మూలధ్వనులను చేసి, స్థాయిని హెచ్చించి తగ్గించి, నిడివిని మార్చి, అన్నిటికిని అరుపుల నిచ్చిరి. అయినను చారిజార్డ్, రైహార్న్ అను రెండింటి అరుపు ఒక్కటే. అరుపు వినబడునపుడు చతురస్ర మార్గములును, హోరుమార్గమును దాని వశమగును. పాటలోని ఆ గొంతులు, మెయిలుకు దారి విడిచిన గూడ్సుబండివలె, మౌనము వహించును.

యంత్రములు మారి, మార్గములు పెరిగిన తరువాత, 2013లో వెలువడిన ఎక్స్, వై ఆటలలో పాత అరుపులు పెక్కింటిని మెరుగుపరచిరి. కాని 1996 నాటి కొరతలోనే ఆ గొంతుల రూపురేఖలు ఏర్పడినవి. బిడ్డల చేతిలోని ఆట మ్రోగినపుడు పెద్దలు దానిని గోలయని త్రోసిపుచ్చుట పరిపాటి. ఇంజను కూతలో అర్థమును గ్రహింప నేర్చిన ఇండ్లకు ఆ ఉపేక్ష తగదు.