వింటికి పరవానా

లార్డు లిట్టను రాజప్రతినిధిగా నుండిన 1878వ సంవత్సరమున వెలువడిన పదునొకండవ చట్టము, అనగా మనవారు ఆయుధచట్టమని వాడుకగా పిలిచినది, ఆయుధమన నేమో చెప్పవలసి వచ్చినపుడు తుపాకులు, బాయినెట్లు, కత్తులు, బాకులు, ఈటెలు, ఈటెమొనలు అని వరుసగా నెన్నుకొనుచు పోయి, ఆ వరుసలోనే విల్లమ్ములను గూడ నిలిపి, అటుపిమ్మట ఫిరంగి పేరెత్తినది. జోడెద్దులు రొప్పుచు లాగవలసిన ఫిరంగిని, మన్యపు పిల్లవాడు భుజమున తగిలించుకొని పిట్టల వెంట తిరుగు వింటిని ఒక్క వాక్యములో గుదిగ్రుచ్చిన యా ముసాయిదాకారుని స్వదేశమున నాటికి విల్లు దొరల తోటలలో దొరసానుల వినోదముగా మాత్రము మిగిలియుండెను. అంతకు మూడువందల యేండ్లకు పూర్వము, 1541లో, ఎనిమిదవ హెన్రీ కాలపు శాసనము మతాధికారులను న్యాయాధిపతులను మినహాయించి, అరువదేండ్లు నిండని పురుషులెల్లరును వింటిని అమ్ములను ఇంట నుంచుకొని అభ్యసింపవలెనని విధించినది. తన ప్రజల చేతికి బలవంతముగా వింటి నందిచ్చిన రాజ్యమే, పరప్రజల చేతిలో దానిని చూచి పరవానా యేదని యడిగెను.

ఈ యడుగుట 1878లో మొదలైనది కాదు. 1857 నాటి తిరుగుబాటు చల్లారిన వెంటనే అయోధ్య మొదలగు సీమలలో ఇల్లిల్లు గాలించి ఆయుధములను పోగుచేసిరి. 1860లో నొక చట్టము వచ్చెను. లిట్టను దానిని దేశమంతటికి స్థిరపఱచెను. ఆ 1878 మార్చి నెలలోనే దేశభాషాపత్రికల నోరు నొక్కు చట్టమును చేసెను గాని, అది నాలుగేండ్లకే తరువాతి రాజప్రతినిధి రిప్పను చేతిమీదుగా రద్దయినది. కలమునకు వైచిన సంకెల నంత సులువుగా తొలగించినవారు కత్తికి వైచినదానిని ఎనుబదినాలుగేండ్లు కదలింపలేదు.

చట్టము పనిచేసిన తీరు నొకింత నిదానించి చూడవలెను. తుపాకిని ఇంట నుంచుకొనుటకే లైసెన్సు కావలెను. విల్లు, కత్తి, ఈటె మున్నగు తక్కిన ఆయుధములను ఇంట నుంచుకొనుటకు, ప్రభుత్వము ప్రత్యేకముగా నిర్ణయించిన ప్రాంతములలో దప్ప, అడ్డులేదు. కాని పదుమూడవ సెక్షను ప్రకారము ఏ యాయుధమునైన ధరించి సంచరించుటకు లైసెన్సు తప్పనిసరి. అనగా చూరునకు వ్రేలాడు విల్లు నిర్దోషము. అదే విల్లు గడప దాటినచో మూడేండ్ల కారాగారమునకైనను, జరిమానాకైనను, రెంటికైనను హేతువు. వేటకు పోవువాడు గడప దాటక యెట్లు పోవునో చట్టము చెప్పదు. ఇరువదియేడవ సెక్షను మాత్రము ఎవరినైన, ఏ తెగనైన మినహాయించు నధికారమును ప్రభుత్వమునకు దఖలుపఱచినది. ఆ మినహాయింపు మొట్టమొదట తెల్లవారికి దక్కెను. కొడగువారికి అంతకు ముందునుండియే యుండెను. 1887లో చెన్నపట్టణమున జరిగిన మూడవ కాంగ్రెసు మహాసభ ఈ చట్టమును సడలింపుమని తీర్మానించినది గాని, ఆ సభలోని వకీళ్ల దృష్టి తుపాకిమీద నుండెనే కాని వింటిమీద నుండెనని నేననుకొనను.

విల్లు మన్యములో నుండెను. చట్టము వచ్చిన మరు సంవత్సరమే, 1879 మార్చిలో, గోదావరి మన్యమున రంప పితూరీ చెలరేగెను. ఈత, జీలుగు కల్లుపై చిగురుపన్ను, రంప నేలు మన్సబుదారుని దుండగములు, పోలీసుల దోపిడి, ఇవి దానికి మూలములు, ఆయుధచట్టము కాదు. అయినను ఆ కొండలలో విల్లన నెట్టిదో యెఱిగినవారికి చట్టపు నిర్వచనము నవ్వు పుట్టింపక మానదు. వెదురును చీల్చి, చెక్కి, నునుపుచేసి వంచినది విల్లు. సన్నని వెదురుబద్దనే కొనలయందు ముడివైచినచో నారి యగును. అమ్మునకు ఈకలు కట్టుదురు. ములికి యొక్కటియే కొలిమిని చూచి రావలెను. పిట్టల కొఱకైన యమ్మునకు అదియు నక్కఱలేదు, మొద్దుకొన గల కొయ్య చాలును. పొదలో మొలచు నీ యాయుధమునకు తయారీ లైసెన్సు నెవరి పేర వ్రాయవలెను? విశాఖ మన్యమున చైత్రమాసపు ఇటుకల పండుగనాడు ఊరి మగవారు విల్లమ్ములు పట్టి వేటకు పోవుటయు, వట్టిచేతులతో వచ్చినవారిని ఆడువారు ఎగతాళి చేయుటయు ఆచారము. చట్టాక్షరమును పట్టి చూచినచో ఆనాడు ఊరూరే ముద్దాయి.

ఏలికలకు నిజమైన భయము విల్లు కాదని 1922 తేటపఱచినది. ఆగష్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, ఇట్లు వరుసగా మూడు ఠాణాలపై బడిన అల్లూరి సీతారామరాజు, విల్లమ్ములకు కొదువలేని జనమును వెంటనుంచుకొని, వెదకి తీసికొనినవి పోలీసు తుపాకులు, తూటాలు. తీసికొనినవాని పట్టికను ఠాణా దస్తరములోనే వ్రాసి సంతకము పెట్టెనని ప్రసిద్ధి. లైసెన్సులు వ్రాయు ప్రభుత్వమునకు ఆయుధములు ముట్టినవని రసీదు వ్రాసి యిచ్చుటలోని వెటకారమును ఆ దస్తరము తెఱచిన యధికారి గ్రహించెనో లేదో!

1930లో గాంధీమహాత్ముడు వైస్రాయి ముందుంచిన పదునొకండు కోరికలలో ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సు లిమ్మనుట యొకటి. మరు సంవత్సరపు కరాచీ కాంగ్రెసు తీర్మానమును, నియమములకు లోబడి ఆయుధములు ధరించు హక్కును చెప్పినది. స్వతంత్ర భారతమున 1959లో చేసి 1962 అక్టోబరు 1న అమలులో పెట్టిన చట్టము తుపాకిపై పట్టును విడువలేదు గాని, నిర్వచనమున వింటి పేరెత్తలేదు. లాఠీని, చేతికఱ్ఱను ఆయుధములు కావని తీసివైచినది. నిబంధనలలో తొమ్మిదంగుళముల పొడవును గాని, రెండంగుళముల వెడల్పును గాని మించిన కత్తులను కొలిచి చెప్పినది. తుపాకులు కాని యాయుధములకు సర్కారు ప్రకటించిన చోటులందే, ప్రకటించిన రకములకే లైసెన్సు అవసరము.

ఇట్లు ముందు వాకిట వెడలిపోయిన విల్లు, పదుమూడేండ్లకు పెరటి త్రోవను మరల వచ్చెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఆయుధమను మాటకు అర్థము చెప్పుచు, తుపాకులు, వలలు, ఉచ్చులు, విషము వీనితోపాటు విల్లమ్ములను పేర్కొనినది. ఈ తడవ కారణము వేఱు. భయము రాజ్యమునకు కాదు, దుప్పికి. ఆ భయమును కాదనలేము. కాని పాపికొండలను 1978లో అభయారణ్యముగా ప్రకటించినపుడు, ఆ కొండల నడుమ తరతరములుగా నున్న కొండరెడ్ల గడప మరల నొక హద్దయినది. చూరున విల్లు వ్రేలాడుచున్నంతవఱకు ఆయుధచట్టము దాని జోలికి రాదు. దానిని పట్టి అభయారణ్యమున అడుగిడుటకు మాత్రము ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని యొక్కగాని, ఆయన నియమించిన యధికారి యొక్కగాని యనుమతి, ముందుగా, వ్రాతపూర్వకముగా నుండవలెను.