బాసీ (ఇంగ్లీషు విశేషణం)

బాసీ: ఎవరూ అడగకపోయినా పక్కవాళ్లకు పనులు పురమాయిస్తూ, తన మాటే చెల్లాలనే మనిషిని గురించి ఇంగ్లీషులో వాడే విశేషణం. కొంత విసుగు, కొంత ఎగతాళి కలిసిన వాడుక మాట. తెలుగులో 'పెత్తనాలు చేసే' అన్నది దీనికి చాలా దగ్గర.

మూలం 'బాస్'. యజమాని, మేస్త్రీ అనే అర్థాలున్న డచ్చి మాట నుంచి 17వ శతాబ్దంలో అమెరికా ఇంగ్లీషులోకి వచ్చిందన్నది నిఘంటుకారులు సాధారణంగా ఒప్పుకునే మాట. ఆ డచ్చి మాట పుట్టుక మాత్రం తేలలేదు. దానికి మొదట 'మామ' వంటి బంధుత్వార్థం ఉండేదని ఒక వాదం ఉంది గానీ, కొందరు దాన్ని తోసిపుచ్చారు. ఇక అమెరికాలో ఈ మాట ఎందుకు నిలిచిందన్నదానికి, 'మాస్టర్' అంటే బానిసల యజమాని గుర్తుకొస్తాడు కాబట్టి, కూలికి పనిచేసే స్వతంత్రులు 'బాస్' అనడానికే మొగ్గారన్న వివరణ ఇంతకంటే నిలకడగా కనిపిస్తుంది.

విశేషణానికి తొలి ఆధారంగా 1882ను చూపడం పరిపాటి. మిల్టన్ కావ్యం 'పారడైజ్ లాస్ట్' (1667)లోని 'బాసీ' ఇది కాదు. అది ఉబ్బెత్తు చెక్కడానికి సంబంధించినది. అమెరికాలో ఆవును ముద్దుగా పిలిచే 'బాసీ'కీ దీనితో చుట్టరికం లేదంటారు.

వాడుకలో గమనించాల్సింది ఒకటుంది. హోదా ఉన్నవాడు ఆజ్ఞాపిస్తే 'బాస్'. హోదా లేకుండా ఆజ్ఞాపిస్తే 'బాసీ'. అందుకే ఈ మాట మేనేజరు కంటే ఇంట్లో పెద్దక్కకే ఎక్కువగా అంటుకుంటుంది. రోజర్ హార్‌గ్రీవ్స్ పిల్లల పుస్తకాల్లో ఈ గుణం 1981లో 'లిటిల్ మిస్ బాసీ' అనే ఆడపిల్ల పాత్రకు దక్కింది. 2014 మార్చిలో, అప్పటి ఫేస్‌బుక్ ఉన్నతాధికారి షెరిల్ శాండ్‌బర్గ్ సంస్థ 'లీన్ ఇన్', అమెరికా బాలికల సంస్థ గర్ల్ స్కౌట్స్ కలిసి 'బ్యాన్ బాసీ' అనే ప్రచారం నడిపాయి. చొరవ చూపే ఆడపిల్లలను ఈ మాట వెనక్కి లాగుతుందన్నది వారి వాదం. గాయని బియాన్సే కూడా అందులో పాల్గొన్నారు. మాటను నిషేధిస్తే బుద్ధి మారుతుందా అన్న విమర్శా అప్పుడే వచ్చింది.

తెలుగులో 'బాస్' స్థిరపడింది. ఆఫీసులో పై అధికారీ బాసే, చిరంజీవి అభిమానులకు ఆయనా బాసే, వీధిలో ముక్కూమొహం తెలియని మనిషినీ 'బాస్' అనే పిలుస్తారు. 'బాసీ' మాత్రం అంతగా రాలేదు. పెద్దతనం నుంచి వచ్చిన 'పెత్తనం' ఆ చోటును ముందే ఆక్రమించింది. 'గయ్యాళి'ని సమానార్థకంగా ఇవ్వడం సరికాదు. అందులో నోటి దురుసు ఉంది, సూర్యకాంతం తెరమీద చూపించినది అదే. చిన్నపిల్లల విషయంలో 'ఆరిందా' ఇంకా బాగా అతుకుతుంది. బడి ఆటలో టీచరమ్మ అయి, "నువ్వు ఇక్కడ కూర్చో, నువ్వు చేతులు కట్టుకో" అని తన కంటే పెద్దవాళ్లను వరసలో కూర్చోబెట్టే ఏడేళ్ల పిల్లను అమ్మమ్మ అనేది ఆ మాటే. అందులో మందలింపు కంటే మురిపెమే ఎక్కువ.