మధుమేహుల పాదాలపై బ్యాక్టీరియా: ఒక చరిత్ర

అరికాలు ఎంత కడిగినా సూక్ష్మజీవులు లేకుండా ఉండదు. స్టెఫైలోకాకస్, కొరినెబ్యాక్టీరియం జాతులు అక్కడ తరతరాలుగా కాపురముంటాయి. బూట్లలో ఊరిన చెమటలోని లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరిచి ఐసోవాలెరిక్ ఆమ్లంగా మార్చేది ముఖ్యంగా స్టెఫైలోకాకస్. కాళ్ల వాసనకు ఒక ముఖ్య కారణం ఆ ఆమ్లం. ఆరోగ్యవంతుడికి వీటితో వచ్చే చిక్కు చాలావరకు అంతటితో సరి. షుగరు ఉన్నవారి పాదం మీద ఈ జనాభాయే వేరుగా ఉంటుందని తెలియడానికి మాత్రం వైద్యశాస్త్రానికి నూట ముప్పై ఏళ్లు పట్టింది.

మొదట కంటపడ్డది చర్మం కాదు, చీము. స్కాట్లాండ్‌లోని అబెర్డీన్ శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ 1880 ప్రాంతంలో గడ్డల చీమును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే గుండ్రటి కణాలు ద్రాక్షగుత్తుల్లా కనిపించాయి. గ్రీకులో ద్రాక్షగుత్తికున్న మాటతోనే 1882లో వాటికి స్టెఫైలోకాకస్ అని పేరు పెట్టాడు. 1884లో జర్మనీకి చెందిన రోజెన్‌బాక్ వాటిలో బంగారు రంగువి, తెల్లవి వేరు చేశాడు. తెల్లది చర్మం మీద మామూలుగా ఉండేది. బంగారు రంగుది, అంటే ఆరియస్, నేటికీ మధుమేహుల కాలిపుండ్లలో ఎక్కువగా దొరికే శత్రువుల్లో ఒకటి. కట్లను నీలిపచ్చగా మార్చే సూడోమోనాస్‌ను ఫ్రాన్స్‌లో గెసార్డ్ వేరుచేసిందీ 1882లోనే. భారత్ వంటి వేడి దేశాల్లో మధుమేహ పాదాలకు సోకే ఇన్ఫెక్షన్లలో దీనికి పెద్ద వాటా ఉంది.

1922లో ఇన్సులిన్ వాడకం మొదలయ్యాక కథ ఊహించని మలుపు తిరిగింది. కోమాతో చనిపోయేవారు తగ్గారు, బతికినవారికి కాళ్లు కుళ్లడం పెరిగింది. బోస్టన్ వైద్యుడు ఇలియట్ జోస్లిన్ 1934లో దీని మీదే వ్యాసం రాసి, గాంగ్రీన్ తలరాత కాదనీ, పాదాల శుభ్రతతో, రోజూ చూసుకోవడంతో చాలావరకు ఆపవచ్చనీ వాదించాడు. అప్పటికి యాంటీబయాటిక్కులు లేవు. 1940లలో పెన్సిలిన్ వచ్చింది. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు కూడా లొంగని ఆరియస్ 1961 నాటికే బ్రిటన్‌లో బయటపడింది.

ఈ మందుల కథ మధ్య మరుగున పడకూడని పేరు పాల్ బ్రాండ్. తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టిన ఈ శస్త్రవైద్యుడు వెల్లూరులో కుష్ఠు రోగుల పాదాలను ఏళ్ల తరబడి గమనించాడు. అక్కడి పుండ్లకు అసలు కారణం మాంసాన్ని తినేసే క్రిమి కాదని, నొప్పి తెలియకపోవడమని తేల్చాడు. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కొరికినా తెలియని కాలితో మనిషి నడుస్తూనే ఉంటాడు. 1966లో అమెరికాలోని కార్‌విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లాక, ఆ అనుభవమే మధుమేహుల పాదాలకూ పనికొచ్చింది. మధుమేహంతో నరాలు దెబ్బతిన్న కాలికి చెమట కూడా తగ్గుతుంది. మడమ ఎండి పగుళ్లిస్తుంది, ఆనెకాయ కింద లోపలే పుండు పడుతుంది. పైన కాపురమున్న బ్యాక్టీరియా లోపలికి పోయే దారి అది.

ఏ క్రిమి నేరస్థుడు, ఏది అక్కడి నివాసి అన్న చిక్కు చాలాకాలం విడలేదు. పుండు పైన దూదితో తుడిచి పరీక్షకు పంపితే చర్మం మీద మామూలుగా ఉండేవన్నీ పెరిగేవి. అందుకే శుభ్రం చేసిన పుండు లోతుల్లోంచి కణజాలం తీసి పంపమని నిపుణులు చెబుతూ వచ్చారు. 2008లో అమెరికాలోని మోంటానా పరిశోధకులు 50 మొండి పుండ్లను పరిశీలిస్తే 30లో బ్యాక్టీరియా జిగురుపొర కట్టుకుని ఉంది. 16 తాజా గాయాల్లో ఒక్కదానిలోనే అది కనిపించింది. మందు ఆ పొరను దాటి లోపలికి పోవడం కష్టం.

పెంపకం అక్కర్లేకుండా డీఎన్‌ఏతో క్రిములను గుర్తించే పద్ధతి వచ్చాక ఆరోగ్యకరమైన చర్మం మీదికి చూపు మళ్లింది. 2013లో న్యూయార్క్ పరిశోధకులు మధుమేహం ఉన్న, లేని మగవారి పుండు లేని పాదాలను పోల్చారు. మధుమేహుల అరికాళ్లపై మొత్తం స్టెఫైలోకాకస్ వాటా తగ్గి, వాటిలో ఆరియస్ మాత్రం పెరిగి, ఇతర జాతుల వైవిధ్యం హెచ్చింది. ముంజేతుల మీద ఆ తేడా లేదు. అంటే గాయం పడకముందే పాదం మీది జనాభా మారిపోయి ఉంటోంది.

ఇన్ఫెక్షన్ లక్షణాలు లేని పుండుకు యాంటీబయాటిక్ ఇవ్వవద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పగిలిన మడమకు తేమనిచ్చే క్రీము రాయవచ్చు గానీ వేళ్ల సందుల్లో రాయకూడదు. అక్కడ చర్మం నాని తెల్లబడితే, ముందు శిలీంధ్రం చేరుతుంది, దాని వెనకే బ్యాక్టీరియా దిగుతుంది.