సంక్లిష్ట కవల గర్భం

సంక్లిష్ట కవల గర్భం అనగా గర్భంలోని ఇద్దరు శిశువులలో ఒకరికి గానీ, ఇద్దరికీ గానీ తీవ్రమైన అవయవ లోపం లేదా రక్తప్రసరణ సమస్య ఉన్న గర్భం. ఇందులో ఒక శిశువు విషయమై తీసుకొనే నిర్ణయం రెండవ శిశువు ప్రాణానికి కూడా సంబంధించినది. తల్లిదండ్రులకు ఇదే అన్నింటికన్నా కష్టమైన విషయం.

మాయల సంఖ్య

కవలలు ఒకే పోలికతో ఉంటారా అన్నదానికన్నా వారికి మాయ ఒకటా, రెండా అన్నదే వైద్యానికి ముఖ్యం. రెండు అండాల నుండి ఏర్పడిన కవలలకు రెండు మాయలుంటాయి. ఒకే అండం ఫలదీకరణ తరువాత 3 రోజులలోపు విడిపోతే రెండు మాయలు, 4-8 రోజుల మధ్య విడిపోతే ఒకే మాయ ఏర్పడతాయి. విడిపోవడం 13 రోజులు దాటితే శిశువులు అతుక్కొని ఉంటారు. 2003లో అప్పటి వరంగల్ జిల్లా దంపతులకు తలలు అతుక్కొని జన్మించిన వీణ-వాణి తెలుగువారికి సుపరిచితులు. శస్త్రచికిత్సలో ప్రాణాపాయం ఎక్కువ కావడంతో వారిని వేరుచేయలేదు. 2022లో వారు ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులయ్యారు.

మాయల సంఖ్యను 11-14 వారాల స్కానింగులో తేలికగా గుర్తించవచ్చు, తరువాత కష్టం. శిశువుల లింగం వేరైతే మాయలు రెండని తెలుస్తుంది గానీ, 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం వల్ల మన దేశంలో ఆ మాట రిపోర్టులో వ్రాయరాదు. కనుక తొలి స్కానింగు రిపోర్టులో మాయల సంఖ్య తప్పక ఉండాలి.

రక్తప్రసరణ సమస్య

ఒకే మాయ గల గర్భాలలో సుమారు 10-15 శాతంలో ఒక శిశువు రక్తం మాయలోని నాళాల ద్వారా రెండవ శిశువుకు అధికంగా చేరుతుంది. ఇచ్చే శిశువు చుట్టూ ఉమ్మనీరు తగ్గిపోతుంది, పుచ్చుకొనే శిశువు గుండెపై భారం పడుతుంది. దీనినే ట్విన్ టు ట్విన్ ట్రాన్స్‌ఫ్యూజన్ అంటారు. చికిత్స లేకుంటే తీవ్ర దశలో ఇద్దరూ మరణించే ప్రమాదం ఎక్కువ. లేజరుతో ఆ నాళాలను మూసివేయడం ప్రధాన చికిత్స. 2004లో ప్రచురితమైన ఐరోపా అధ్యయనంలో కనీసం ఒక శిశువైనా బ్రతికిన గర్భాలు లేజరుతో 76 శాతం, ఉమ్మనీరు తీసే పద్ధతితో 56 శాతం.

బొగ్గుగనుల ప్రాంతంలో

గోదావరిఖనిలో సింగరేణి ఏరియా ఆసుపత్రి, ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి. రామగుండంలో 2022లో వైద్య కళాశాల ప్రారంభమైంది. ఒకే మాయ ఉన్న గర్భానికి 16వ వారం నుండి రెండు వారాలకొకసారి స్కానింగు అవసరం. నిపుణుడైన సోనాలజిస్టు ఉంటే ఇది దగ్గరలోనే జరగవచ్చు. లేజరు చికిత్స మాత్రం పెద్ద కేంద్రాలలోనే సాధ్యం, ఇక్కడివారికి అది సుమారు 225 కి.మీ. దూరంలోని హైదరాబాదు. సమస్య కొద్ది రోజులలోనే ముదరవచ్చు గనుక సెలవు దొరికాక, డబ్బు సమకూరాక బయలుదేరుదామంటే సమయం మించిపోవచ్చు.

ఒక శిశువుకే లోపం ఉన్నపుడు

ఉదాహరణకు ఒక శిశువుకు కపాలం ఏర్పడకపోతే ఆ శిశువు పుట్టినా బ్రతకదు. అయినా గర్భం కొనసాగితే ఉమ్మనీరు పెరిగి, ఆరోగ్యంగా ఉన్న శిశువు నెలలు నిండకుండా పుట్టవచ్చు. లోపమున్న పిండం గుండెను ఆపితే రెండవ శిశువుకు మేలు కలగవచ్చు, గర్భస్రావమూ జరగవచ్చు. రెండు మాయలుంటే ఇంజెక్షనుతో ఇది సాధ్యం. ఒకే మాయ ఉంటే ఇంజెక్షను ఇవ్వరాదు, బొడ్డుతాడులో రక్తప్రసరణను ఆపవలసి ఉంటుంది. ఏమీ చేయకుండా వేచి ఉండటం కూడా ఒక నిర్ణయమే, దానిని నిర్లక్ష్యంగా భావించరాదు.

చట్టం

1971 నాటి గర్భస్రావ చట్టంలో పరిమితి 20 వారాలు. అవయవాల స్కానింగు 18-20 వారాలకు జరుగుతుంది కాబట్టి ఆలోచించుకోవడానికి వ్యవధి దాదాపు ఉండేది కాదు. 2021 సవరణ కొన్ని వర్గాల స్త్రీలకు దీనిని 24 వారాలకు పెంచింది. తీవ్రమైన పిండ లోపాన్ని వైద్య మండలి నిర్ధారిస్తే 24 వారాల తరువాత కూడా అనుమతి ఉంది. మండలి 3 రోజులలో నిర్ణయం తెలపాలి. వయోజనురాలైన గర్భిణి సమ్మతి ఒక్కటే చట్టానికి అవసరం, భర్త సంతకం గానీ అత్తమామల అంగీకారం గానీ అవసరం లేదు.