మెదడు కణితి చికిత్స తర్వాత చూపు ఇబ్బందులు

మెదడు కణితికి ఆపరేషన్, రేడియేషన్, మందుల చికిత్స జరిగాక మిగిలిపోయే లేదా కొత్తగా మొదలయ్యే కంటిచూపు లోపాలు ఈ కోవలోకి వస్తాయి. చూపులో ఒక పక్క ఖాళీ ఏర్పడటం, ఒకటి రెండుగా కనిపించడం, మసక, రెప్ప సరిగా మూతపడకపోవడం వీటిలో ముఖ్యమైనవి. కన్ను నిక్షేపంగా ఉండి కూడా చూపు లేకపోవచ్చని రోగి, ఇంట్లోవాళ్లు ముందుగా గ్రహించాలి. లోపం మెదడులోనో, కంటి నరంలోనో ఉన్నప్పుడు కళ్లద్దాల దుకాణాల చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా ఇబ్బంది తీరదు.

ఎక్కడ దెబ్బతింటే ఏది పోతుంది

ఒక్కో కంటి నరంలో సుమారు పది లక్షల పోగులుంటాయి. రెండు నరాలూ పిట్యూటరీ గ్రంథికి కాస్త పైన ఒక కూడలిలో కలుస్తాయి. అక్కడ సగానికి పైగా పోగులు అవతలి పక్కకు దాటిపోతాయి. కూడలి దాటాక లెక్క మారుతుంది. రెండు కళ్లూ చూసిన ఎడమ పక్క దృశ్యం కుడి మెదడుకు, కుడి పక్క దృశ్యం ఎడమ మెదడుకు చేరుతుంది. అందువల్ల కుడి మెదడు వెనుక భాగంలో కణితి తీసినవారికి రెండు కళ్లలోనూ ఎడమ సగం పోతుంది. చాలామంది మాత్రం ‘నా ఎడమ కన్ను పోయింది’ అంటారు. ఒక్కో కన్ను మూసి చూసుకుంటే తేడా తెలిసిపోతుంది.

పిట్యూటరీ కణితి కూడలిని కింది నుంచి నొక్కితే రెండు కళ్లలోనూ బయటి పక్కలు మసకబారతాయి. కణతల దగ్గరి టెంపోరల్ భాగంలో కణితి ఉంటే అవతలి పక్క పై పావు, పెరైటల్ భాగంలో ఉంటే కింది పావు, తల వెనుక ఆక్సిపిటల్ భాగంలో ఉంటే సగానికి సగం పోతుంది. చూపులో ఏ భాగం తల వెనుక మెదడులో ఎక్కడ నమోదవుతుందో చెప్పే పటం చాలావరకు యుద్ధాల్లో తయారైంది. 1904-05 రష్యా-జపాన్ యుద్ధంలో తలకు తూటా తగిలి బతికిన సైనికులను జపాన్ కంటి వైద్యుడు తత్సుజీ ఇనోయె పరీక్షించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైద్యుడు గోర్డన్ హోమ్స్ అదే పని మరింత విస్తారంగా చేశాడు.

చికిత్స వల్ల వచ్చేవి

ఆపరేషన్ చూపును తీసేయనూవచ్చు, తిరిగి ఇవ్వనూవచ్చు. ముక్కు ద్వారా పిట్యూటరీ కణితి తీశాక కొందరికి ఒకటి రెండు రోజుల్లోనే రంగులు తేటగా కనిపిస్తాయి. మిగతా మెరుగుదల నెలల తరబడి నెమ్మదిగా సాగుతుంది. కంటి లోపలి పొరల మందం కొలిచే ఓసీటీ స్కాన్‌లో నరపు పొర అప్పటికే పలచబడి ఉంటే ఆశ తక్కువ. తలలో ఒత్తిడి పెరిగి కంటి నరం చాలాకాలం ఉబ్బి ఉన్నవారికి, ఒత్తిడి తగ్గాక కూడా నరం ఎండిపోయి చూపు తగ్గిపోవచ్చు.

మన దగ్గర ‘కరెంటు పెట్టడం’ అని పిలిచే రేడియేషన్ దెబ్బ ఆలస్యంగా బయటపడుతుంది. కంటి నరానికి తగిలిన డోసు మితిమీరితే నెలల తర్వాత, ఎక్కువగా మూడేళ్లలోపు, నొప్పి లేకుండా చూపు పడిపోతుంది. దీనికి గట్టి మందంటూ లేదు. అందుకే రోజుకు కొంచెంగా ఇచ్చే చికిత్సలో కంటి నరానికి మొత్తం 54 గ్రేలు మించకుండా ప్లాన్ వేస్తారు. శుక్లం, కన్ను పొడిబారడం కూడా రేడియేషన్ వల్ల రావచ్చుగానీ వాటికి చికిత్స ఉంది. వాపు తగ్గడానికి వాడే డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లతో షుగరు పెరిగి చూపు మసకబారవచ్చు. ఎక్కువకాలం వాడితే శుక్లం, నీటికాసులు రావచ్చు. మసక ఉన్నంత మాత్రాన కణితి తిరగబెట్టిందని బెంబేలెత్తే ముందు షుగరు చూపించుకోవాలి.

సగం చూపుతో రోజు గడపడం

పోయిన సగం నల్లగా కనిపిస్తుందని బయటివాళ్లు ఊహిస్తారు. చాలామందికి అక్కడ నలుపూ ఉండదు, ఏమీ ఉండదు. మనకు వీపు వెనుక ఎలా ఉందో అలా. అందుకే గుమ్మానికి భుజం కొట్టుకునేదాకా, గ్లాసు తన్నేదాకా లోటు తెలిసిరాదు.

ఎడమ సగం పోయినవారు వరుస మొదలు పట్టుకోలేరు. ‘అనంతపురం’ బోర్డు ‘పురం’ అవుతుంది, 250 రూపాయల ధర 50గా కనిపిస్తుంది. పేజీ ఎడమ అంచున ఎర్ర టేపు అంటించి, ఆ ఎరుపు కనిపించేదాకా చూపు వెనక్కి జరపడం అలవాటు చేస్తే తప్పులు తగ్గుతాయి. కుడి సగం పోయినవారికి చదవడం ఇంకా కష్టం. తెలుగు ఎడమ నుంచి కుడికి చదువుతాం, కన్ను ఒక మాట మీద ఉండగానే తర్వాతి మాటను పసిగడుతుంది. ఆ ముందుచూపు పోవడంతో ఒక్కో మాట దగ్గరా ఆగాలి. వరుస కింద అట్టముక్క పెట్టుకోవడం, పుస్తకాన్ని అడ్డంగా తిప్పి అక్షరాలను పై నుంచి కిందికి చదవడం కొందరికి పనికొస్తాయి. చదవలేకపోతే ఫోన్ చేత చదివించుకోవచ్చు, తెలుగు పలికే సదుపాయం ఇప్పుడు మామూలు ఫోన్లలోనే ఉంది.

పునరావాసంలో అసలు సాధన చూపు తిప్పడమే. చూపు లేని పక్కకు జరిగే కళ్లు సహజంగా చిన్న చిన్న అడుగులేస్తాయి, దాంతో సమయం పోతుంది. ఒక్క ఊపులో ఆ పక్క చివరిదాకా చూపు పంపి, అక్కడి నుంచి వెనక్కి రావాలి. బల్ల మీద చిల్లర నాణేలు చల్లి, ముందు చూపు లేని పక్కవి ఏరడం ఇంట్లో చేసుకోదగ్గ అభ్యాసం. ఇలాంటి వారాల సాధనతో పోయిన చూపు రాదు, పని వేగం పెరుగుతుంది. ఈ విషయంలో పరిశోధనలు ఎక్కువగా పక్షవాతం రోగుల మీద జరిగాయి. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి పోయిన చూపును తిరిగి తెప్పిస్తామనే ఖరీదైన కోర్సులకు బలమైన ఆధారాలు లేవు, అప్పుచేసి చేరాల్సిన అవసరం లేదు. బోస్టన్‌లో ఎలీ పెలి రూపొందించిన ప్రిజం కళ్లద్దాలు పోయిన పక్క దృశ్యాన్ని కొంత ఇవతలికి జరుపుతాయి. కొందరు వాటికి అలవాటు పడతారు, కొందరు పక్కన పడేస్తారు.

రోడ్డు దాటడం ప్రత్యేకంగా నేర్చుకోవాలి. మన దగ్గర బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి కాబట్టి, కాలు కింద పెట్టగానే మొదటి ప్రమాదం కుడి నుంచి వస్తుంది. కుడి చూపు లేనివారికి అందుకే ముప్పెక్కువ. అలాగని ఎడమ చూపు లేనివారు నిశ్చింతగా ఉండే వీల్లేదు, రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు ఆ పక్క నుంచే వస్తాయి. తోడు వెళ్లేవారు చూపు లేని పక్కన నడవాలి. పెళ్లిలోనైనా, సినిమా హాల్లోనైనా ఎడమ చూపు లేనివారిని ఎడమ చివర కూర్చోబెడితే మనుషులు, తెర అన్నీ చూపున్న పక్కకు వస్తాయి. ఇంట్లో సగం తెరిచిన తలుపులు, దారిలో స్టూళ్లు, బకెట్లు ఉండకూడదు. పొయ్యి మీది పెనం పిడి చూపున్న పక్కకు తిప్పి పెట్టాలి.

కుడి మెదడు పెరైటల్ భాగం దెబ్బతిన్నవారిలో కొందరికి ఎడమ పక్క అనేది ఒకటుందన్న స్పృహే ఉండదు. కంచంలో ఎడమ సగం అన్నం అలాగే ఉంటుంది, గడ్డం ఒక పక్కే గీసుకుంటారు. ఇది మొండితనమో మతిమరుపో కాదు. ‘ఎడమ పక్క చూడు నాన్నా’ అని పదేపదే గుర్తుచేయాల్సింది ఇంట్లోవాళ్లే.

ఇతర ఇబ్బందులు

కన్ను తిప్పే నరాలు దెబ్బతింటే ఒకటి రెండుగా కనిపిస్తుంది. ఒక కన్ను మూస్తే రెండో బొమ్మ మాయమవుతుంది. ఒక అద్దానికి టేపు అంటించడం, అతికించే ప్రిజం రేకు వాడటం తాత్కాలిక ఉపాయాలు. ఆరు నెలలైనా సర్దుకోకపోతే, మెల్ల స్థిరపడ్డాక ఆపరేషన్ ఆలోచిస్తారు. చెవి నరం కణితి తీసినప్పుడు ముఖ నరం దెబ్బతిని కన్ను మూతపడకపోతే పగలు చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ వేసి రెప్పకు టేపు పెట్టాలి. కంటికి స్పర్శ కూడా పోయిందంటే నల్లగుడ్డు మీద పుండు పడినా నొప్పి తెలియదు. అలాంటివారిని వైద్యుడు తరచూ చూడాల్సిందే.

చూపు పోయిన చోట మనుషులు, పూలు, గళ్ల డిజైన్లు కనిపించడం కూడా ఉంది. స్విట్జర్లాండ్ ప్రకృతి శాస్త్రవేత్త చార్లెస్ బొనే 1760లో తన తాతగారి అనుభవంగా దీన్ని వర్ణించాడు. అవి నిజం కావని చూసేవారికి తెలుస్తూనే ఉంటుంది. పిచ్చి అంటారేమోనన్న భయంతో చాలామంది నోరు విప్పరు. అయితే కణితి ఉన్నవారిలో మూర్ఛల వల్ల కూడా ఇలా జరగవచ్చు కాబట్టి డాక్టరుకు చెప్పాలి.

బండి, సర్టిఫికెట్

బ్రిటన్‌లో కారు లైసెన్సుకు అడ్డంగా కనీసం 120 డిగ్రీల చూపు ఉండాలి. సగం పోయినవారికి మిగిలేది సుమారు 90. మన దగ్గర కూడా, చూపు విస్తీర్ణం కొలిచే ఫీల్డ్ టెస్ట్ చేయించుకుని డాక్టరు సరేననేదాకా స్కూటీ తాళం కూడా ముట్టుకోకపోవడమే మేలు.

2016 వికలాంగుల హక్కుల చట్టం అక్షరాల చార్టుతో పాటు చూపు విస్తీర్ణాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. సగం చూపు పోయినవారు చార్టులో చివరి వరుస దాకా చదివేయవచ్చు, చూసినవారు ‘బాగానే ఉందిగా’ అనేస్తారు. అందుకే వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం శిబిరానికి వెళ్లేటప్పుడు ఫీల్డ్ టెస్ట్ ప్రింటు, ఎంఆర్‌ఐ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ చేతిలో ఉండాలి. చూపు పునరావాసానికి 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ప్రత్యేక విభాగం ఉంది. విశాఖపట్నం, విజయవాడల్లో కూడా ఆ సంస్థ ఆసుపత్రులున్నాయి.

చికిత్స అయి ఎన్నేళ్లయినా చూపు ఉన్నట్టుండి తగ్గినా, కొత్తగా రెండుగా కనిపించినా, తలనొప్పి వాంతులతో కలిసి మసకబారినా అది పాత ఇబ్బందేనని సరిపెట్టుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.